కంబాలకొండ పీల్చే గాలి

విశాఖ నగరానికీ ఆనందపురానికీ మధ్య పరచుకున్న కొండ అడవి కంబాలకొండ. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉండేది. 2002లో అభయారణ్యం అయింది. విస్తీర్ణం దాదాపు 70 చదరపు కిలోమీటర్లు. వానలు కొద్ది నెలలే పడినా ఏడాదంతా పచ్చదనం నిలుపుకునే, చిన్న దళసరి ఆకుల చెట్లు ఇక్కడ ఎక్కువ. వృక్షశాస్త్రంలో ఇలాంటి అడవిని శుష్క సతతహరిత అరణ్యం అంటారు. తూర్పు తీరంలో ఈ తరహా అడవి ఇప్పుడు ముక్కలుగానే మిగిలింది. ఓ మహానగరం పక్కన ఇంత పెద్ద ముక్క మిగలడం మన అదృష్టం. దానికి దక్కుతున్న గాలి మాత్రం మంచిది కాదు.

విశాఖ నైసర్గిక స్వరూపమే అలాంటిది. ఉత్తరాన కైలాసగిరి వరస, దక్షిణాన యారాడ కొండ, పడమట నరవ కొండలు. మధ్య పల్లంలో పోర్టు, 1957 నాటి చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీ. ఇంకాస్త నైరుతిగా ఉక్కు కర్మాగారం, పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం. చలికాలం రాత్రుల్లో నేలను అంటుకున్న గాలి చల్లబడి, దాని మీద వెచ్చని గాలి పొర మూతలా నిలుస్తుంది. పొగ పైకి పోయే దారి ఉండదు. వేసవి మొదలుకొని వానాకాలం చివరిదాకా నైరుతి గాలులు అదే పొగను నగరం మీదుగా ఈశాన్యానికి, అంటే కంబాలకొండ, ఆనందపురం వైపు నెడతాయి.

చెట్టుకు ఈ గాలితో పని పడేది ఆకు దగ్గర. ఆకు అడుగుభాగంలో కంటికి కనిపించనంత చిన్న పత్రరంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ లోపలికి వచ్చేది, నీటి ఆవిరి బయటికి పోయేది ఆ రంధ్రాల గుండానే. ఆకుకు ఇది నిత్యం సాగే బేరం: ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువును తెచ్చుకోవడానికి వందల నీటి అణువులను వదులుకోవాలి. వాతావరణ మార్పు, వాయు కాలుష్యం అని మనం రెండు వేరు శీర్షికల కింద చదువుకునేవి ఈ ఒక్క చోట కలుస్తాయి. వాటిని విడివిడిగా లెక్కగడితే అడవికి జరుగుతున్న నష్టం సగమే కనిపిస్తుంది.

ముందు దుమ్ము సంగతి. పోర్టు దగ్గరి జ్ఞానాపురం వాసులు ఇంటి గచ్చు మీద, ఆరేసిన బట్టల మీద చూసే బొగ్గు నలుపు చెట్లనూ వదలదు. దుమ్ము పొర ఆకుకు అందే వెలుతురును తగ్గిస్తుంది, రంధ్రాలను పూడుస్తుంది. నల్లటి దుమ్మయితే ఎండను పట్టి ఆకును ఇంకా వేడెక్కిస్తుంది. వాన దాన్ని కడిగేస్తుంది కానీ డిసెంబరు నుంచి వేసవి దాకా అలాంటి వాన అరుదు. బొగ్గు, చమురు మండితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ మరో దారిన పోతుంది. రంధ్రంలోంచి లోపలికి చేరి, ఆకు తడిలో కరిగి, ఆమ్లమై పత్రహరితాన్ని దెబ్బతీస్తుంది. 2020 మే 7న వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై మనుషుల ప్రాణాలు తీసినప్పుడు చుట్టుపక్కల చెట్ల ఆకులు కూడా మాడిపోవడం అందరం చూశాం. అది ఒక్క రాత్రి దెబ్బ, అందుకే కనిపించింది. రోజూ కొద్దికొద్దిగా తగిలే దెబ్బ అలా కనిపించదు. కాండం ఏటా కాస్త సన్నగా పెరుగుతుంది, కాయ తగ్గుతుంది, ఆకు వారాల ముందే రాలిపోతుంది.

వీటన్నిటికన్నా జాగ్రత్తగా అర్థం చేసుకోవాల్సింది ఓజోన్. ఆకాశంలో ఎత్తున ఉండే ఓజోన్ పొర మనల్ని కాపాడుతుంది. నేల దగ్గర పుట్టేది మాత్రం విషం. అది ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాదు. వాహనాలు, కొలుములు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, ఆవిరయ్యే కర్బన రసాయనాలు ఎండలో కలిసి గంటల తరబడి వండుకుంటే తయారవుతుంది. అప్పటికి గాలి చాలా దూరం ప్రయాణించి ఉంటుంది. పైగా నగరం నడిబొడ్డున వాహనాల నుంచి అప్పుడే వచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ అక్కడి ఓజోన్‌ను కొంత తినేస్తుంది. అందుకే చాలా నగరాల్లో ఓజోన్ కూడలి కన్నా శివారు పొలాల్లో, అడవి అంచుల్లో ఎక్కువగా నమోదవుతుంది. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి దాకా సుమారు 50 కిలోమీటర్ల ఆరు వరసల రహదారి వచ్చాక లారీలు నగరంలోకి రాకుండా ఆ దారిన పోతున్నాయి. నగరవాసికి అది ఊరటే. ఆ రోడ్డు పక్కనున్న తోటలకూ పూల మళ్లకూ కొండలకూ మాత్రం పొగ దగ్గరైంది. గాలి నాణ్యత కొలిచే యంత్రాలు కూడళ్లలో, పారిశ్రామిక వాడల్లో ఉంటే సరిపోదు. కొండ అంచున కూడా ఉండాలి.

ఇప్పుడు వేడి. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అది మోయగల తేమ దాదాపు 7 శాతం పెరుగుతుంది. అంటే వేడెక్కిన గాలి ఆకులోంచి నీటిని మరింత బలంగా లాగుతుంది. చెట్టు నీరు కాపాడుకోవడానికి రంధ్రాలు మూసుకుంటుంది. మూసుకుంటే ఓజోన్ కూడా లోపలికి రాదు కదా అనిపిస్తుంది. కొంత నిజమే, కానీ కార్బన్ డయాక్సైడ్ కూడా రాదు, ఆకలి మొదలవుతుంది. ఇంకో చిక్కు ఉంది. ఓజోన్ తగిలిన ఆకుల్లో రంధ్రాలు చురుకుదనం కోల్పోయి, మూసుకోవాల్సిన వేళ సరిగా మూసుకోకపోవడం చాలా జాతుల్లో గమనించారు. నీరు దొరకని మే నెలలో నీటిని వృథా చేసే చెట్టు అన్నమాట! కాలుష్యం లేకుంటే ఎండను తట్టుకునేది, ఎండ లేకుంటే కాలుష్యాన్ని తట్టుకునేది. రెండూ కలిసినప్పుడే ఎండిపోతుంది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చెట్లు బాగా పెరుగుతాయనే వాదన తరచూ వింటుంటాం. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల వంతుల్లో 280 వంతులున్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. అది ఆకుకు ఆహారమే. కానీ నీళ్లూ నేలలో నత్రజనీ చాలని చోట ఆ అదనపు ఆహారం చెట్టుకు ఒంటబట్టదు. ఎర్రటి కొండరాళ్ల మీద పలుచని మట్టిలో బతికే తూర్పు కనుమల అడవికి ఈ వాదన పెద్ద ఓదార్పు కాదు.

వేడి తర్వాత తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల స్థాయి గాలులు నగరంలో, కంబాలకొండలో లెక్కలేనన్ని చెట్లను కూల్చాయి. వేడెక్కుతున్న సముద్రం తీవ్ర తుపాన్లకు బలమిస్తుందన్నది నేడు శాస్త్రజ్ఞులు దాదాపు ఏకాభిప్రాయంతో చెప్పే మాట. అడవికి తుపాను గాలి కన్నా దాని తర్వాతి కాలం కష్టం. చెట్లు కూలిన చోట వెలుతురు నేలదాకా పడి లాంటానా అనే కలుపు పొద కమ్ముకుంటుంది. స్థానిక మొలకలను పైకి రానివ్వదు. ఎండాకాలం నిప్పంటుకుంటే మంటను నేల నుంచి కొమ్మల్లోకి ఎక్కిస్తుంది.

నగరంలో ఎక్కువగా పడిపోయినవి తురాయి, నిద్రగన్నేరు లాంటి, నీడకోసం బయటి దేశాల నుంచి తెచ్చిన పెద్ద గొడుగు చెట్లు. తాటి నిలబడింది. ఆ తర్వాత పచ్చదనం తొందరగా రావాలని వీధుల్లో ఏడాకులపాల విరివిగా నాటారు. శరదృతువులో దాని పూత వాసన పడక జనం ఫిర్యాదులు చేశారు. ఎన్ని నాటాం అన్న లెక్కకే విలువ ఇస్తే ఇలాగే అవుతుంది. ఏ జాతి ఎక్కడ అన్నది తేల్చడానికి పద్ధతులున్నాయి. ఆకులోని విటమిన్ సి, పత్రహరితం, ఆమ్లగుణం, నీటి శాతం కొలిచి కాలుష్య సహన సూచిక కట్టే విధానం 1980ల నుంచే ఉంది. విశాఖ పారిశ్రామిక ప్రాంతాల చెట్ల మీద ఇక్కడి పరిశోధకులే దాన్ని వాడి చూశారు. దుమ్ము పట్టే రోడ్డు పక్కన తట్టుకునేవి, అడవి లోపల సున్నితమైనవి ఉండాలి. ఇంకో సంగతీ చూడాలి. నీలగిరి లాంటి చెట్లు ఐసోప్రీన్ అనే ఆవిరిని బాగా వదులుతాయి. లారీల పొగ ఉన్నచోట అది ఓజోన్‌కు ముడిసరుకవుతుంది. రహదారి పక్కన నీలగిరి వరసలు నాటడం నా దృష్టిలో పొరపాటు.

కలప పెంచే రైతుకు ఈ లెక్క ఇంకా సూటిగా తగులుతుంది. తీరం పొడవునా సరుగుడు వేసేవారు నాలుగైదేళ్లకే కొడతారు. వాతావరణం మారితే తర్వాతి పంటకు రకం మార్చుకోవచ్చు. టేకు వేసేవారికి ఆ వెసులుబాటు లేదు. నేడు నాటిన మొక్క ముదిరి కలపయ్యే నాటికి 2070లు వస్తాయి. అంటే అప్పటి ఎండకు తగిన విత్తనం ఇప్పుడే ఎంచుకోవాలి. అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడకు వేసిన సిల్వర్ ఓక్ హుద్‌హుద్‌కు పడిపోయి, కాఫీ మొక్కలు ఒక్కసారిగా ఎండపాలయ్యాయి. ఒకే జాతి నీడ మీద తోటంతా ఆధారపడితే వచ్చే నష్టం అది. పనస, మామిడి, నేరేడు కలిపి పెంచిన తోటలో గాలికి అన్నీ ఒకేసారి పోవు.

తుపానుకు నిలిచి, పొగను తట్టుకుని, ఇప్పటికీ కాస్తున్న చెట్లు ఈ కొండల్లోనే ఉన్నాయి. రేపటి నర్సరీకి విత్తనం వాటి నుంచే రావాలి. అందుకు వేళ ముఖ్యం. వేప, నేరేడు గింజలు ఎక్కువకాలం నిల్వ ఉండవు, కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. అవి పండి రాలేది జూన్, జూలై నెలల్లో. ఏరిన గింజను ఏరిన వారంలోనే సంచుల్లో విత్తే ఏర్పాటు తొలకరికి ముందే సిద్ధంగా ఉండాలి.