వృత్తపరిధి, వ్యాసముల నిష్పత్తి ఏల కరణీయ సంఖ్య?

వృత్తము గాజంత చిన్నదైనను, బండిచక్రమంత పెద్దదైనను, పరిధిని వ్యాసముచే భాగించినచో లభించు సంఖ్య యొక్కటియే. ఈ నిష్పత్తికి గణితజ్ఞులు 'పై' యను గ్రీకు అక్షరమును గుర్తుగ నుంచిరి. పాఠశాలలో దీనికి 22/7 అను విలువను వాడుట పరిపాటి. కాని అది సమీపమే గాని సమానము కాదు. రెండు పూర్ణాంకముల భిన్నముగ వ్రాయదగినది అకరణీయ సంఖ్య. వ్రాయరానిది కరణీయ సంఖ్య. మన నిష్పత్తి రెండవ జాతికి చెందినది.

క్రీ. శ. 499 నాటి ఆర్యభటీయము 20000 వ్యాసముగల వృత్తమునకు పరిధి 62832 అని చెప్పి, దానిని 'ఆసన్నము', అనగా సమీపమైనది, అని పేర్కొన్నది. కేరళీయుడగు నీలకంఠ సోమయాజి (జననము 1444) తన భాష్యమున ఆ పదమును వివరించుచు, వ్యాసమును శేషము లేక కొలుచు మానముతో పరిధిని కొలిచినచో శేషము మిగిలియే తీరునని చెప్పెను.

ఇది నిరూపించుట యెట్లు? దశాంశస్థానములు కోటి గణించినను, ఆ పిమ్మట అంకెల పునరావృత్తి మొదలగునేమో యను సందేహము మిగులును. కావున గణన చాలదు, యుక్తి కావలెను. అట్టి యుక్తిని 1760 దశకమున లాంబర్ట్ చూపెను.

రేడియన్లలో కొలిచిన కోణముయొక్క టాంజెంటును, భిన్నముయొక్క హారములో మరియొక భిన్నముగ, అంతులేని పరంపరగ వ్రాయవచ్చును. కోణము సున్న కాని అకరణీయ సంఖ్యయైనచో, ఆ పరంపరలో మొదటిది తప్ప లవములన్నియు ఒక్కటియే. హారములలోని పూర్ణాంకములు మాత్రము 1, 3, 5, 7 రెట్లుగ పెరుగుచుండును. అందుచే కొంత దూరము పోయిన పిదప, మిగిలిన ప్రతి భాగమును ఒకటికంటె చిన్న ధనసంఖ్య యగును. టాంజెంటు కూడ అకరణీయమే యనుకొందము. అప్పుడీ భాగములన్నియు అకరణీయములే. ఒకదాని లవమును తరువాతిదానికి హారముగ వ్రాయవచ్చును. ప్రతి భాగమును ఒకటికంటె చిన్నది గనుక, ఈ లవములు అంతులేక తగ్గుచుపోవలెను. ధనపూర్ణాంకములు 1 దాటి దిగజాలవు గదా! కావున మన ఊహ అసంభవము: అట్టి కోణముయొక్క టాంజెంటు కరణీయమే.

ఇక 45 డిగ్రీల కోణము రేడియన్లలో మన నిష్పత్తికి నాల్గవవంతు. దాని టాంజెంటు 1, అనగా అకరణీయము. కావున ఆ నాల్గవవంతు అకరణీయము కాజాలదు, నిష్పత్తియు కాజాలదు.

1947లో ఐవాన్ నివెన్ కలనగణితముతో దీనినే ఒక్క పుటలో నిరూపించెను. మన బిడ్డలకు 22/7 నేర్పునపుడు, ఆర్యభటుని 'ఆసన్న' పదమును గూడ నేర్పుట యుక్తము.