పాత కంప్యూటరు - మరమ్మతా, మార్పిడియా?

ఇంటి కంప్యూటరు మందగించినంతనే క్రొత్తది కొనుటకు తొందరపడనక్కరలేదు. జాప్యమునకు కారణమేమో ముందు తెలిసికొనవలెను. తిరుగుడు పళ్ళెములుగల హార్డు డిస్కే కారణమైనచో, దాని స్థానమున ఎస్.ఎస్.డి. నమర్చిన యంత్రము చురుకుదేరును. పెక్కు పనులు ఒక్కసారి తెరచినప్పుడే తడబడుచున్నచో ర్యామ్ పెంచుట మేలు. అయితే డి.డి.ఆర్.3 అమరికలో డి.డి.ఆర్.4 పట్టదు, కావున మదర్‌బోర్డు రకము చూచి మరీ కొనవలెను.

అసలు చిక్కు వేరొకటి కలదు. విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0, దానికి తగిన ప్రాసెసరు ఉండవలెను. ఇవి లేని యంత్రమునకు ఎంత ర్యామ్ చేర్చినను ఆ కొరత తీరదు. బ్యాంకు లావాదేవీలు జరుపువారు దీని నుపేక్షింపరాదు. అట్టివారు లినక్స్‌నైనను ఆశ్రయింపవలెను, క్రొత్త యంత్రమునైనను కొనవలెను.

ఏది చేసినను, ముందుగా ఛాయాచిత్రములను, పత్రములను వేరొకచోట భద్రపరచుకొనుడు. యంత్రమునకు బదులు యంత్రము దొరకును. వానికి బదులు దొరకదు.