శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం? ఎన్ని గంటలు?

కాలిఫోర్నియాలో పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఈ రెండు ప్రశ్నలూ తరచూ వస్తుంటాయి. వాటి చుట్టూ అపోహలూ చాలానే ఉన్నాయి.

అపోహ: అమెరికాకు దగ్గరి దారి అరేబియా, ఐరోపా, అట్లాంటిక్‌ల మీదుగానే.

వాస్తవం: గోడ మీది పటంలో అలాగే కనిపిస్తుంది. గ్లోబు మీద హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారం బిగించి చూడండి. అది ఉత్తరానికి సాగి పశ్చిమ చైనా, మంగోలియా, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రం అంచు మీదుగా అలాస్కా చేరి, అక్కడి నుంచి కిందికి దిగుతుంది. దూరం సుమారు 13,500 కిలోమీటర్లు. దుబాయ్‌లో విమానం మారితే దాదాపు 15,600. 2023 జూన్‌లో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిరిండియా విమానం ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. అమెరికా విమానం అక్కడికెందుకు పోయిందని ఆశ్చర్యపడనక్కర్లేదు, దాని దారే అది.

అపోహ: దూరం తక్కువైతే త్వరగా చేరతాం.

వాస్తవం: అన్నిటికన్నా గట్టిగా నాటుకున్న అపోహ ఇదే. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఇదే ఢిల్లీ విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపు మళ్లించింది. ఈ దారి గ్లోబు మీది దారంలా నేరుగా పోదు, అందుకే దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగింది. ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది! కారణం జెట్ స్ట్రీమ్. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే ఈ గాలులు చలికాలంలో గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. 900 వేగంతో ఎగిరే విమానానికి 150 గాలి వెనక నుంచి తోడైతే 1,050 అవుతుంది, ఎదురైతే 750కి పడిపోతుంది. అందుకే రోజూ గాలుల అంచనా చూశాకే దారి ఖరారు చేస్తారు. దీనికి తోడు యుద్ధాలు. 2022 నుంచి అమెరికా, ఐరోపా సంస్థలకు రష్యా గగనతలం మూసుకుపోయింది. అవి చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే.

అపోహ: భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి, పడమరకు ఎగిరే విమానానికి ఊరే ఎదురొస్తుంది.

వాస్తవం: భూమితో పాటు గాలీ తిరుగుతుంది. నిజానికి పడమర ప్రయాణమే ఎక్కువసేపు. లండన్ వెళ్లేటప్పటికన్నా వచ్చేటప్పుడు గంట దాకా ఆదా అవుతుంది.

అపోహ: టికెట్ మీది రెండు సమయాల తేడాయే ప్రయాణ సమయం.

వాస్తవం: చలికాలంలో బెంగళూరులో మధ్యాహ్నం 2 గంటలకు బయలుదేరి 17 గంటలు ఎగిరిన విమానం శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే రోజు సాయంత్రం 5.30కి దిగుతుంది. అక్కడి గడియారం మనకన్నా పదమూడున్నర గంటలు వెనక (వేసవిలో పన్నెండున్నర). వచ్చేటప్పుడు అంతా తిరగబడుతుంది. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ సారథ్యంలో మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగా నడిపిన విమానం అక్కడ 9వ తేదీ రాత్రి బయలుదేరి, 11న తెల్లవారకముందే బెంగళూరు చేరింది. ఎగిరింది మాత్రం పదిహేడు గంటలే.

కాబట్టి టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్లు లెక్కపెట్టకండి. మధ్యలో ఆగే సమయంతో కలిపి మొత్తం ఎన్ని గంటలో చూడండి. పెద్దవాళ్లు ఒంటరిగా వస్తుంటే, ఎయిర్‌పోర్టుకు కారు తెచ్చేవాళ్లకు దిగే గంటతో పాటు తేదీ కూడా తప్పకుండా చెప్పండి.