సేనలు ఇంటికి మరలుట

పరదేశమున చిరకాలము నిలిచిన సైన్యము స్వదేశమునకు మరలుట ఒక్క ఆజ్ఞతో ముగియు పని కాదు. ఏండ్ల తరబడి ఒకచోట వేళ్లూనిన సేన చుట్టును ఆసుపత్రులు, బడులు, రొట్టెల బట్టీలు, మరమ్మతు కర్మాగారములు పెరుగును. భార్యాబిడ్డలు వెంట ఉందురు. అనగా కదలవలసినది సేన మాత్రమే కాదు, ఒక పట్టణము. తూర్పు జర్మనీనుండి సోవియట్ సేనలు వైదొలగిన వృత్తాంతము దీనికి చక్కని ఉదాహరణము.

ఈ సేనలు 1945 నుండి అక్కడ ఉండెను. జర్మనీ ఏకీకరణమును గూర్చి 1990 సెప్టెంబరు 12న కుదిరిన ఒడంబడికలో, 1994 ముగియులోపల అవి వెడలిపోవలెనని నిర్ణయించిరి. సైనికులే సుమారు 3,40,000 మంది. కుటుంబములను, పౌరోద్యోగులను చేర్చినచో 5 లక్షలకు మించుదురు. సామగ్రి 25 లక్షల టన్నులకు పైబడెను. అందు 6 లక్షల టన్నులకు మించి మందుగుండు సామగ్రియే.

దగ్గరి దారి పోలండు మీదుగా రైలుమార్గము. కాని ఆ దేశముతో రవాణా షరతులపై చర్చలు చిక్కుపడెను. మరియొక చిక్కు పట్టాలది. జర్మనీలో పట్టాల నడిమి వెడల్పు 1435 మిల్లీమీటర్లు. సోవియట్ దేశమున 1520. కావున సరిహద్దున సరకంతయు బండినుండి బండికి మార్చవలెను. అందుచే పెద్ద భాగమును సముద్రముపై పంపిరి. ర్యూగన్ ద్వీపమందలి ముక్రాన్ రేవులో వెడల్పు పట్టాలు కూడ ఉండెను. అక్కడనే సరకును సోవియట్ పెట్టెలలోనికి మార్చి, ఆ పెట్టెలనే ఓడలోనికి నడిపించి, లిథువేనియాలోని క్లైపెడా రేవున దింపవచ్చును.

ఇక ఎవరు ముందు, ఎవరు వెనుక? మనము ఇల్లు మారునపుడు పొయ్యిని చివరకు కదలింతుము గదా! సేనకును అదియే నియమము. పోరాడు దళములు ముందు కదలవచ్చును. వంటవారు, వైద్యులు, మరమ్మతు పనివారు, సరకులెక్కించువారు, కావలివారు కడవరకు నిలువవలెను. ఉన్నవారి సంఖ్య దినదినము తగ్గినను, మిగిలినవారికి పూట పూటకు అన్నము అందవలసినదే. మందుగుండును పరీక్షించి, ప్రయాణమునకు తగనిదానిని వేరుచేయవలెను.

అయినను అన్నిటికంటె కఠినమైన ప్రశ్న దారిది కాదు; గమ్యముది. జర్మనీ ఇచ్చుటకు ఒప్పుకొనిన 1,200 కోట్ల మార్కులలో రవాణాకు 100 కోట్లు, సేనల నిలుపుదల వ్యయమునకు 300 కోట్లు, ఉద్యోగాంతర శిక్షణకు 20 కోట్లు కేటాయించిరి. ఇండ్ల నిర్మాణమునకు 780 కోట్లు! ప్రయాణమున కగు ఖర్చుకంటె, దిగినచోట తలదాచుకొనుటకగు ఖర్చు దాదాపు ఎనిమిదింతలన్నమాట.

ఇంతలో 1991 డిసెంబరులో సోవియట్ రాజ్యమే అంతరించెను. బాధ్యత రష్యాపై పడెను. 1992 డిసెంబరులో గడువును నాలుగు నెలలు ముందునకు జరిపి, గృహములకై జర్మనీ మరి 55 కోట్ల మార్కులు ఇచ్చుటకు అంగీకరించెను. అయినను రైళ్ల వేగమును ఇండ్లు అందుకొనలేకపోయెను. అనేక కుటుంబములు స్వదేశమున తాత్కాలిక వసతులలో కాలము గడపవలసి వచ్చెను.

1994 ఆగస్టు 31న బెర్లిను నగరమున జర్మనీ ప్రధాని కోల్, రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ సమక్షమున వీడ్కోలు జరిగెను. సేనలు గడువునకు మరలెను. కాని సైనికుని భార్యకు ఆ తరలింపు పూర్తియైనది రైలు దిగిననాడు కాదు. సొంత గడపలో దీపము పెట్టిననాడు. వెడలు తేదీని నిర్ణయించు పెద్దలు ఆ రెండవ తేదీని కూడ ముందుగా లెక్కవేయవలెను.