జ్వరమును, జీర్ణకోశమును: ఇంటివైద్యము ఎంతవరకు?

తొలకరి వానలతోపాటు నాట్లపని ఆరంభమగుటయు, ఆ వెంటనే ఇంటికొకరు జ్వరముతో మంచము పట్టుటయు మన పల్లెలలో ఏటేట చూచుచున్నదే. అదను తప్పిన నాటు మరల చేతికిరాదు. కావున జ్వరమునకు ఇంట చేయదగిన ఉపచారములెవ్వి, చేయరానివెవ్వి అను విషయమును ఈ నెల సభ్యులకు మనవి చేయదలచితిమి.

జ్వరమునకు మూలము ఆమాశయమందున్నదనియు, జఠరాగ్ని తన స్థానము వీడి వెలికివచ్చుటచే దేహము కాగుననియు మన ప్రాచీన వైద్యులు చెప్పిరి. నేటి శాస్త్రము కారణమును వేరుగా చెప్పుచున్నది. సూక్ష్మజీవులతో పోరాడుటకై శరీరమే తన ఉష్ణమును పెంచుకొనునట. అయినను జ్వరమునకు ప్రేవులతో సంబంధము లేదని అదియు చెప్పదు. దేహమును కాపాడు కణములలో పెద్దభాగము ప్రేవుల గోడలయందే ఉన్నవి. జ్వరము తగిలినంతనే ఆకలి మందగించుటకును, నోరు చేదగుటకును ఎవరి సాక్ష్యమును అక్కరలేదు.

లంఘనము

“లంఘనము పరమౌషధము” అను మాటలో సగము సత్యము గలదు. ఆకలి లేనివానికి అన్నము కుక్కరాదు. కాని నీరు కూడ మాన్పించుటయు, దినములతరబడి పస్తుంచుటయు లంఘనము కాదు. ఉష్ణము ఒక సెంటిగ్రేడు డిగ్రీ పెరిగిన, దేహము ఖర్చుచేయు శక్తి నూటికి పదివంతులకు పైగా పెరుగును. చెమటతో నీరును ఉప్పును పోవును. పూర్వులు సైతము లంఘనము పిమ్మట పలుచని గంజితో మొదలిడి, జావ, మెత్తని అన్నము అను క్రమమును విధించిరి. ఈ రెండవ భాగమును మనవారు మరచిరి.

ఉప్పు వేసిన బియ్యపుగంజి, పేలాలజావ, పలుచని మజ్జిగ, మిరియాలచారు రోగికి హితములు. గంజిలోని పిండిపదార్థము ప్రేవులలో చక్కెరగా మారి, ఉప్పును నీటిని తనతోకూడ రక్తములోనికి చేర్చును. విరేచనములు కూడ ఉన్నచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు, తలకొట్టిన కొలతతో కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. 1971లో బంగాళాదేశ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ ఇట్టి ఉప్పుచక్కెర నీటితోనే కలరా రోగులననేకులను బ్రతికించెను.

ధనియాలు, శొంఠి, తులసి వేసిన కషాయములు గొంతునకు హాయిని, కడుపునకు నీటిని ఇచ్చును. శొంఠి వికారమును తగ్గించును. కాని ఇవి రోగబీజమును చంపునని నమ్మరాదు. తిప్పతీగను దినదినము త్రాగినవారిలో కొందరికి కాలేయము చెడినదని 2021లో బొంబాయి వైద్యులు ప్రకటించిరి.

ఆముదము వలదు

మేము ముఖ్యముగా హెచ్చరింపదలచినది ఇది. జ్వరము రాగానే “కడుపు శుభ్రము కావలె”నని ఆముదముగాని సునాముఖిగాని పట్టు వాడుక ఇంకను కొన్ని ఇండ్ల గలదు. టైఫాయిడు జ్వరమున ఇది ప్రాణాంతకము కావచ్చును. 1880లో ఎబర్తు అను జర్మను వైద్యుడు కనుగొన్న ఈ రోగపు సూక్ష్మజీవి మలినమైన నీటితోను ఆహారముతోను లోనికిపోయి, చిన్నప్రేవుల గోడలను వాపుచేసి పుండ్లు పుట్టించును. చికిత్స జరుగనిచో రెండుమూడు వారములకు ఆ పుండ్లనుండి రక్తము స్రవింపవచ్చును, ప్రేవు చిల్లిపడవచ్చును. అట్టి ప్రేవును భేదిమందుతో కదల్చుట ఎంతటి సాహసమో యోచింపుడు. మొదటి దినములలో టైఫాయిడును, మలేరియాను, డెంగ్యూను రక్తపరీక్ష లేక వేరుపరచుట కష్టము. కావున ఏ జ్వరమునందును ఇంట భేదిమందు ఈయకుండుటే మేలు.

మందుల దుకాణమున అడిగి తెచ్చుకొను యాంటీబయాటిక్కులును అట్టివే. వైద్యుని మాటలేక వాడిన, అవి ప్రేవులలోని మేలుచేయు జీవులను కూడ చంపును. రోగబీజములు వానికి లొంగకుండ మొండికెత్తును. డెంగ్యూ రక్తస్రావమును హెచ్చించునుగాన ఆస్పిరిను మాత్ర ఈయరాదు.

వైద్యునికడకు ఎప్పుడు?

జ్వరము మూడుదినములు విడువకున్నను, కడుపునొప్పి తీవ్రమైనను, మలము నల్లగానైనను రక్తముతోనైనను పడినను, మూత్రము తగ్గినను, మగతగాని మూర్ఛగాని కలిగినను, నీరు త్రాగలేకున్నను, గంజితో కాలము గడపక వెంటనే ఆస్పత్రికి చేర్పవలెను. పసిబిడ్డలను, గర్భిణులను మొదటిదినముననే చూపుట మంచిది.

రాకుండ చూచుకొనుట అన్నిటికంటె చౌక. నీరు కాచి త్రాగుట, మరుగుదొడ్డి వాడుట, అన్నమునకు ముందు సబ్బుతో చేతులు కడుగుట మనచేతిలోని పనులే. హైదరాబాదులో భారత్ బయోటెక్ వారు తయారుచేసిన టైఫాయిడు టీకాను 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ అర్హమైనదిగా గుర్తించినది. ఆరునెలలు నిండిన బిడ్డలకు సైతము దానిని వేయవచ్చును.

గంజికుండ మన ఇంటి మంచి వైద్యుడే. కాని పెద్ద వైద్యుడు రావలసినపుడు దారి విడువవలెను. సభ్యులు ఈ విషయమును తమ ఇండ్లలోని స్త్రీలకును, పెద్దలకును చదివి వినిపింప ప్రార్థితులు.