చేలో షుగరు పడిపోతే ఎవరికి తెలుస్తుంది?

మధుమేహాన్ని ఒకప్పుడు షావుకార్ల జబ్బు అనేవారు. కూర్చుని తినేవాళ్ళకే వస్తుందని మనవాళ్ళ నమ్మకం. ఆ లెక్క తప్పి చాలా కాలమైంది. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బుందని తేలింది. నాట్లకూ కోతలకూ పోయే కూలీలు, ఎకరం రెండెకరాల రైతులు కూడా ఇందులో ఉన్నారు.

ఆసుపత్రిలో బిళ్ళలిస్తారు. ‘వేసుకో, వేళకు తిను’ అంటారు. వేళకు తినడం కూలిమనిషి చేతిలో ఉందా? ముఠా గుత్తకు ఒప్పుకుంటే చీకటితోనే బయలుదేరాలి. మడి పూర్తయితేగాని గట్టెక్కరు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ బిళ్ళలు గానీ, ఇన్సులిన్ గానీ తిండి పడినా పడకపోయినా తమ పని తాము చేస్తూనే ఉంటాయి. వంచిన నడుము చేసే పని కూడా షుగరును కరిగిస్తుంది. (మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ.)

రక్తంలో షుగరు 70 మిల్లీగ్రాములకు దిగువకు పోతే ఒళ్ళు ముందే హెచ్చరిస్తుంది. చెమట, వణుకు, గుండెదడ, ఆకలి పుడతాయి. ఎండలో పనిచేసేవాడికి చెమట పట్టడం వింతా? వడదెబ్బ అనుకుంటారు. కాలు తూలి మాట తడబడితే, పొద్దున్నే తాగొచ్చాడని నవ్వుతారు.

ఇంతకన్నా మోసం ఇంకొకటుంది. జబ్బు ఏళ్ళ తరబడి ఉంటే నరాలు చెడతాయి. అరికాళ్ళ సంగతి చాలామందికి ఎరుకే. మొదట తిమ్మిరి, మంట, ఆ తర్వాత స్పర్శే ఉండదు. ముల్లు దిగినా, వరి మోడు గీరుకున్నా తెలియదు. పుండు చీము పట్టాక చూసుకుంటారు. గుండెకూ, చెమట గ్రంథులకూ పోయే లోపలి నరాలూ అలాగే మొద్దుబారతాయి. అప్పుడు దడ పుట్టదు, చెమట పట్టదు. పైగా షుగరు పదేపదే పడిపోతూ ఉంటే ఒళ్ళు దానికి అలవాటుపడి హెచ్చరించడమే మానుతుంది. మనిషి నేరుగా తికమకలోకి పోయి స్పృహ తప్పుతాడు. మళ్ళీ పడిపోకుండా కొన్ని వారాలు కాచుకుంటే, ఇలా అలవాటుపడి పోయిన హెచ్చరిక కొంత తిరిగొస్తుంది. నరాలు చెడి పోయినది అంత తేలిగ్గా రాదు. అటువంటివారిని పక్క సాలులో ఉన్నవాళ్ళే కనిపెట్టుకోవాలి.

కొంగున మూడు చెంచాల పంచదార మూట కట్టుకోవాలి. తేడా కనబడగానే నీళ్ళలో కలిపి తాగించాలి. పావుగంటకు తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. బిళ్ళ వేసుకున్నవారికి గంటల తర్వాత కూడా షుగరు మళ్ళీ పడిపోవచ్చు కనుక, లేచి కూర్చున్నాడని వదిలెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పొయ్యకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యాలి. ఖాళీ కడుపున కల్లు, సారా ఈ గండాన్ని పెంచుతాయి. భయపడి బిళ్ళలు సొంతంగా మానెయ్యడమూ తప్పే. పని వేళలు డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి, అరికాళ్ళకు స్పర్శ ఉందో లేదో చూడమనాలి.

కానీ పంచదార మూటతోనే సరిపెట్టుకోమంటే ఎలా? పని స్థలంలో తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టమే రాసింది. ఆసాముల పొలాల్లో ఆ మాత్రం రాతా లేదు. పొద్దున పూట అరగంట తిండి విరామం, కూలి కోత లేకుండా కావాలి. కూలి రేట్ల బేరానికి కూర్చున్ననాడే సంఘం దాన్ని కూడా అడగాలి.