పల్సుకూ పల్సుకూ మధ్య

మామూలు డీసీ మోటారుకు కరెంటు ఇచ్చినంతసేపూ అది తిరుగుతూనే ఉంటుంది. ఎంత తిరిగిందో తెలియాలంటే ఎన్‌కోడర్ అమర్చాలి. స్టెప్పర్ మోటారు తీరు వేరు. డ్రైవర్‌కు ఒక పల్సు అందితే మోటారు ఒక అడుగు కదిలి ఆగుతుంది. విరివిగా వాడే రకంలో ఆ అడుగు 1.8 డిగ్రీలు, అంటే 200 అడుగులకు ఒక చుట్టు. త్రీడీ ప్రింటర్లు, చిన్న సీఎన్‌సీ యంత్రాలు చాలావరకు ఈ లెక్కను నమ్ముకునే పనిచేస్తాయి. అయితే పల్సులు ఎన్ని పంపామో లెక్కించుకుంటే చాలదు, ఎప్పుడు పంపామో కూడా చూసుకోవాలి.

పల్సు వెడల్పుతో పెద్ద చిక్కు లేదు. ఏ4988 డ్రైవర్‌కు స్టెప్ పిన్ కనీసం 1 మైక్రోసెకను హైలో, మరో మైక్రోసెకను లోలో ఉంటే సరిపోతుంది. డీఆర్‌వీ8825కు 1.9 మైక్రోసెకన్ల చొప్పున కావాలి. అసలు కష్టమంతా పల్సుల మధ్య వ్యవధిలోనే ఉంది.

మోటారును నిమిషానికి 300 చుట్ల వేగంతో, అడుగును 16 భాగాలు చేసే మైక్రోస్టెప్పింగ్‌తో నడపాలనుకుందాం. చుట్టుకు 3,200 పల్సులు, సెకనుకు 16,000. రెండు పల్సుల మధ్య 62.5 మైక్రోసెకన్లు. 16 మెగాహెర్ట్జ్ మీద నడిచే ఆర్డుయినో ఊనోలో ఇది సరిగ్గా 1,000 క్లాక్ టిక్కులు. ఈ వ్యవధిని లూప్‌లో డిలే పెట్టి సాధించబోతే, మిగతా కోడ్ నడవడానికి పట్టే కాలం కూడా దానికి తోడవుతుంది. మధ్యలో ఇంటరప్టులు వచ్చిపడతాయి. ఆరు మైక్రోసెకన్ల ఆలస్యం వినడానికి స్వల్పమే కానీ, ఇక్కడ అది దాదాపు పదో వంతు. అందుకే ఈ పనిని హార్డ్‌వేర్ టైమర్‌కు అప్పగించడమే సరైన పద్ధతి. టైమర్1 కంపేర్ రిజిస్టర్‌లో 999 వేస్తే, సున్నా నుంచి లెక్కపెట్టే ఆ టైమర్ ప్రతి 1,000 టిక్కులకూ తప్పకుండా పలుకుతుంది.

వ్యవధి నిలకడగా ఉన్నా మరో సమస్య మిగిలే ఉంటుంది. రోటర్‌కు జడత్వం ఉంది. నిశ్చలంగా ఉన్న మోటారుకు మొదటి క్షణం నుంచే సెకనుకు 16,000 పల్సులు పంపితే, అయస్కాంత క్షేత్రం ముందుకు సాగిపోతుంది, రోటర్ వెనకబడుతుంది. ఆ వెనకబాటు రెండు పూర్తి అడుగులు దాటిందంటే టార్క్ దిశ తిరగబడి, రోటర్ నాలుగు అడుగుల వెనకనున్న స్థానం వైపు లాగబడుతుంది. అంటే 7.2 డిగ్రీల నష్టం. మైక్రోకంట్రోలర్‌కు ఈ సంగతి తెలిసే మార్గమే లేదు. దాని లెక్క తప్పదు, యంత్రం మాత్రం తప్పుతుంది.

కాబట్టి వేగాన్ని క్రమంగా పెంచాలి. త్వరణం స్థిరంగా ఉండాలంటే వ్యవధులు సమానంగా తగ్గకూడదు. మొదటిది 10 మిల్లీసెకన్లయితే రెండోది 4.14, మూడోది 3.18, నాలుగోది 2.68. వర్గమూలాల నుంచి వచ్చే ఈ లెక్క చిన్న చిప్‌కు భారమే. ప్రతి వ్యవధినీ దాని ముందుదాని నుంచి ఒక్క భాగహారంతో రాబట్టే ఉపాయాన్ని డేవిడ్ ఆస్టిన్ 2004లో వివరించారు. దాన్ని నేర్చుకోవడానికి వెచ్చించే సమయం ఎంతమాత్రం వృథా కాదు.

ప్రాజెక్టులు చేస్తున్న విద్యార్థులకు ఒక విన్నపం. మోటారు అడుగులు తప్పుతోందని కరెంటు పెంచేముందు, స్టెప్ పిన్‌ను లాజిక్ అనలైజర్‌కు కలిపి పల్సుల మధ్య వ్యవధిని ఒకసారి కొలిచి చూడండి.